బోర్డు కింది మూల

ఆ కాగితం మీద ఇరవై ఇద్దరి చేత సంతకాలు పెట్టించింది నేనే. కాబట్టి ఈ కథలో తిట్లు తినాల్సిన వాళ్లలో మొదటి దాన్ని నేను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతా వాళ్లను తిట్టడానికి నాకు మొహమాటం ఉండదు.

నా పేరు సువర్ణ. ఏన్కూరు పక్కన ఒక తండాలో పుట్టాను. మా ఆయన జైరాం సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. నేను అక్కడే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. తండా పిల్లవు తెలుగు చెబుతావా అని మొదటి ఏడు హెడ్‌మాస్టరు నవ్వాడు. రెండో ఏడు నవ్వడం మానేశాడు. నాకు కోపం ఎక్కువని మా అత్త అంటుంది, మా ఆయన అంటాడు, బడి పిల్లలైతే గోడ మీదే రాశారు. అక్షర దోషాలు లేకుండా రాశారని ఊరుకున్నాను.

2007 ఫిబ్రవరిలో భద్రాచలంలో పెద్దవాళ్లకు మూడు నెలల ఉచిత శిక్షణ అని కరపత్రాలు పంచారు. డిజిటల్ మీడియా, వెబ్‌సైట్ తయారీ నేర్పుతారట. వయసు పట్టింపు లేదు. బడిలో ఎలాగూ కంప్యూటర్ వచ్చిన టీచర్లకే విలువ పెరుగుతోంది. సాయంత్రం బడి వదలగానే ఆటో ఎక్కి, గోదావరి వంతెన దాటి క్లాసుకు వెళ్లేదాన్ని.

ఆ కేంద్రం పెట్టింది భాను సార్. సత్తుపల్లి వైపు మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ మెత్తటి మాట. గొంతు ఎత్తని మనిషి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అందుకే వాళ్లు గొంతు ఎత్తరని నాకు ఆలస్యంగా అర్థమైంది.

మొదటి రోజే అందరం సంతకాలు పెట్టాలని నాలుగు పేజీల కాగితం ఒకటి తీశాడు, మొత్తం ఇంగ్లీషులో. మాలో మిల్లు పనివాళ్లు ఉన్నారు, సెల్ రీఛార్జి దుకాణం ఆయన ఉన్నాడు, అంగన్‌వాడీ ఆయమ్మలు ఉన్నారు. ఇంగ్లీషు అక్షరాలు అందరికీ తెలుసు గానీ అంత సన్నటి అచ్చును కూడబలుక్కునే ఓపిక ఎవరికీ లేదు. సార్ నావైపు చూసి, "మేడం టీచర్ కదండి, అందరికీ చదివి చెప్పండి" అన్నాడు. టీచర్ అనేసరికి నాకు కొమ్ములు మొలిచాయి. మొదటి పేజీ చదివాను. వేళకు రావాలి, సామాను పాడుచేయకూడదు, ఫోన్ మోగకూడదు. రెండో పేజీ సగం చదివాను. అదీ అలాంటిదే. మిగతా రెండు పేజీలు తిప్పి చూసి, "హాజరు గురించే, పెట్టుండ్రి" అన్నాను. అందరికంటే ముందు నేనే పెట్టాను. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసిన పిల్లలకు గోడ కుర్చీ వేయించే మనిషిని నేను.

ఇద్దరికి ఒక కంప్యూటర్. నా పక్కన కూర్చున్నది గౌస్ భాయ్.

గౌస్ భాయ్‌కి అప్పటికి యాభై దాటాయి. ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆయన చేతివే. ఎరువుల దుకాణాలు, మందుల షాపులు, ఆటోల వెనక పేర్లు, బడి గోడల మీద నీతివాక్యాలు. ఎంత కిరోసిన్‌తో కడిగినా గోళ్ల సందుల్లో ఎరుపో నీలమో ఉండేది. ఫ్లెక్సులు వచ్చాక పని సగానికి పైగా పడిపోయింది. జనం ఖమ్మం నుంచి అచ్చు వేయించి తెప్పించుకుంటున్నారు. కానీ ఆ ఫ్లెక్సుల మీద తెలుగు ఎండు కట్టెపుల్లలు పేర్చినట్టు ఉండేది. అక్షరం అందంగా ఉండాలనుకునే వాళ్లు ఇంకా గౌస్ భాయ్ గల్లీకే వచ్చేవాళ్లు. ఆయనకు మిగిలిన బతుకుదెరువు అదొక్కటే. "నీ పని తింటున్న దాన్నే పోయి నేర్చుకో" అని ఆయన భార్య షరీఫా పోరు పెట్టి పంపించింది.

మౌసును కుంచె పట్టుకున్నట్టే మూడు వేళ్లతో పట్టుకునేవాడు. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. అయినా గీత వంకర పోయేది. "ముప్పై ఏండ్లు నిచ్చెన మీద నిలబడి గీసిన చెయ్యి, కుర్చీల కూసుంటే వణుకుతున్నది చూడు" అని నవ్వేవాడు. కానీ పేజీలు తయారుచేసే కోడు మాత్రం నాకంటే ముందే పట్టేశాడు. ప్రతి గుర్తునూ తెరవాలి, రాయాల్సింది రాసి మూసేయాలి. నేను మూయడం మరిచిపోయి పేజీ అంతా లావు అక్షరాలతో నింపుకుంటే, ఆయన వేలితో చూపించేవాడు.

"డబ్బా తెరిచినంక మూత పెట్టాలె, గంతే గదా టీచరమ్మా. పెట్టకపోతే రంగు ఎండిపోతది."

మాకందరికీ చివర్లో ఎవరి వెబ్‌సైట్ వాళ్లు తయారు చేయాలని పని ఇచ్చారు. గౌస్ భాయ్ తన దుకాణం పేరు మీద, 'గౌస్ ఆర్ట్స్' అని మొదలుపెట్టాడు. తెలుగులో పెట్టాలని ఆయన పట్టు. ఆ రోజుల్లో పేజీలో తెలుగు రాస్తే చాలా కంప్యూటర్లలో ఖాళీ డబ్బాలు వరసగా కనిపించేవి. "ఇంగ్లీషు చాలండి. ఇంటర్నెట్‌లో తెలుగు ఎవరు చదువుతారు?" అన్నాడు భాను సార్. తెలుగు టీచరు ముందు అనాల్సిన మాటా అది. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు కాగితం మీద రాయి భాయ్. స్కాన్ చేసి బొమ్మ లెక్క పెడదాం" అన్నాను.

మర్నాడు తెల్ల చార్టు మీద నల్ల రంగుతో తన దుకాణం పేరు రాసుకొచ్చాడు. స్కాన్ చేసి పేజీ నెత్తిన పెట్టాం. తెర మీద అది తెరుచుకోగానే వెనక బల్లల వాళ్లంతా లేచి వచ్చారు. గౌస్ భాయ్ అక్షరానికి ఒక వాటం ఉంది. తలకట్టు చివర కొంచెం పైకి లేస్తుంది. గడప దాటుతున్న మనిషి ఇంట్లోకి ఒకసారి తిరిగి చూసినట్టు ఉంటుంది. ఆ పేరు కింద, కుడి మూలన, చిన్నగా 'గౌస్' అని సంతకం. వాళ్ల పనిలో అది పద్ధతి. "బోర్డంత దుకాణపాయనది. కింది మూల మాత్రం నాది. గా మూల ఇడిచిపెడితే పని చేసినట్టు కాదు" అని చెప్పాడు.

భాను సార్ కూడా వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. మరుసటి రోజు మంచి డ్రాయింగు కాగితాల కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"గౌస్ గారూ, అక్షరాలన్నీ రాసివ్వండి. గుణింతాలూ ఒత్తులూ కూడా. క్లాసులో అందరూ వాళ్ల సైట్లకి వాడుకుంటారు."

గౌస్ భాయ్ కాగితాలు ముట్టుకోలేదు. సార్ వెళ్లాక నాతో అన్నాడు. ఆయన పని నేర్చుకున్న ఖమ్మం ఉస్తాద్ దగ్గర పూర్తి అక్షరాల షీటు ఒకటి ఉండేదట. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసేవాడట. శిష్యులు ఒక్కో బోర్డు దగ్గర ఒక్కో అక్షరం చూసి ఏళ్ల తరబడి ఏరుకోవాల్సిందే. దుకాణానికి దుకాణం పేరు రాసివ్వాలి గానీ, అన్ని అక్షరాలూ ఒక్కచోట రాసి ఎవరి చేతిలోనూ పెట్టకూడదని ఉస్తాద్ కట్టడి.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. "బడిల నేను గిట్లనే పిల్లలకు అక్షరాలు దాచిపెడితే ఎట్లుంటది భాయ్? అందరికీ పనికొస్తయ్. రాయి" అన్నాను.

"నువ్వు అంటున్నవని రాస్తున్న టీచరమ్మా" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఎనిమిది రోజులు రాశాడు. బల్ల మీద కుదరదని క్లాసులోనే ఒక మూల చాప వేసుకుని రాశాడు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, అంకెలు. ప్రతి కాగితం కింది మూలన తన పేరు. షరీఫా ఒకరోజు టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి, నేల మీద ఆరబెట్టిన కాగితాల మధ్య అడుగు పెట్టే చోటు లేక గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇంట్ల గోడకు సున్నం ఎయ్యమంటే చెయ్యి నొస్తదంటడు" అంది. మేమందరం నవ్వాం. ఆ కాగితాలు ఒక్కొక్కటే స్కానర్‌లో పెట్టి ఎక్కించింది నేను. నా చేతులతో.

మే నెలలో శిక్షణ అయిపోయింది. అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. మా సైట్లన్నీ కేంద్రం వాళ్ల పేరు కిందే ఇంటర్నెట్‌లో పెట్టారు. గౌస్ భాయ్ సైటు చూడమని నేను మా బడిలో అందరికీ చిరునామా రాసిచ్చాను.

తర్వాత బడి పనిలో పడి మూడు నెలలు భద్రాచలం వైపు పోలేదు. ఆగస్టు చివర్లో ఒక శనివారం మధ్యాహ్నం మందుల కోసం వెళ్తే, బస్టాండు దగ్గర బొజ్జయ్య ఎరువుల దుకాణానికి కొత్త బోర్డు కనిపించింది. తలకట్లు పైకి లేచి ఉన్నాయి. పక్కన రుక్మిణి టైలర్స్, అదీ గౌస్ భాయ్ రాతే. ఎదురుగా సైకిల్ షాపు, అదీ అంతే. మనిషికి మళ్లీ పని దొరికిందని నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడే కిలో జిలేబీ కట్టించుకుని ఆయన గల్లీలోకి వెళ్లాను.

గౌస్ భాయ్ దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని కుంచెలు తుడుస్తున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. చుట్టూ ఒక్క తడి బోర్డు కూడా లేదు.

"ఊరంత రాసినవ్ గదా భాయ్, నోరు తీపి చేసుకో" అని పొట్లం ఇచ్చాను.

ఆయన పొట్లం విప్పలేదు. "నేను రాయలే టీచరమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నన్ను తీసుకుని గల్లీ చివరిదాకా నడిచాడు. బొజ్జయ్య బోర్డు చూపించాడు. "మంచిగ చూడు. బొజ్జయ్యల, కింద కలియుగ అన్న మందు పేరుల, కొసకు యూరియాల, 'య' ఒక్కటే చూడు. నేను రాస్తే ఒక్క అక్షరం రెండు సార్లు ఒక్క తీరుగ రాదు. చెయ్యి గదా. గివి చూడు, అచ్చు గుద్దినట్టు ఉన్నయ్. కింది మూల చూడు."

కింది మూల ఖాళీగా ఉంది.

భాను సార్ శిక్షణ కేంద్రం కింద గదిలో ఫ్లెక్సు మిషన్ దిగిందట. మేము స్కాన్ చేసిన కాగితాలతో కీబోర్డు మీద కొట్టే ఫాంటు తయారు చేశారట. ఇప్పుడు దుకాణం పేరు టైపు చేస్తే చాలు, గంటలో గౌస్ భాయ్ చేతిరాతతో బోర్డు బయటికి వస్తుంది. గౌస్ భాయ్ తప్ప.

"మొన్న సైకిల్ షాపు పోతయ్య వచ్చి కొట్లాడిండు. నీ రాతే, ఆడ జల్దీ ఇస్తున్నరు, నువ్వేమో నాలుగు రోజులు తిప్పుతవ్ అని. ఏం జెప్పాలె? నా రాతే గదా." జిలేబీ పొట్లం నా చేతిలో పెట్టాడు. "పిల్లలకు తీస్కపో."

అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడి నుంచి నేరుగా భాను సార్ దగ్గరికి నడిచాను. కింద గదిలో మిషన్ గరగరమంటూ ఎవరి పెళ్లి ఫ్లెక్సో కక్కుతోంది. దాని మీద కూడా అవే తలకట్లు. పైకి వెళితే సార్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు, టీ చెప్పాడు. నేను నిలబడే మాట్లాడాను.

"గౌస్ భాయ్ అక్షరాలు మా సైట్లకని తీసుకున్నరు సార్. దుకాణం పెట్టుకొని అమ్ముకుంటున్నరేంది?"

ఆయన తొణకలేదు. సొరుగులోంచి ఆ నాలుగు పేజీల కాగితం తీసి మూడో పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. శిక్షణ కాలంలో అభ్యర్థులు తయారు చేసిన సమస్తమూ కేంద్రానికే చెందుతుందని అందులో ఉంది. కింద ఉన్న సంతకాల్లో అన్నిటికంటే పైన, గుండ్రంగా, టీచరు చేతిరాతలో నా సంతకం.

"మీరే కదండి మేడం, అందరికీ చదివి వినిపించారు" అన్నాడు.

సిగ్గు వేసింది. ఆ మనిషి ముందు నాకు సిగ్గు వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"పైగా ఆయన గీసింది కాగితం మీద బొమ్మలండి. వాటిని కీబోర్డు మీదకి తేవడానికి నేను ఆరు వారాలు కూర్చున్నాను."

"అయితే ఇద్దరి పేర్లు పెట్టుండ్రి. ఆ ఫాంటుకు ఏం పేరు పెట్టిండ్రు?"

"భాను."

ఒకాయన ముప్పై ఏళ్లు ఎండలో నిచ్చెన మీద నిలబడి సంపాదించుకున్న చేతిరాతకు ఇంకొకాయన తన పేరు పెట్టుకున్నాడు. అది చెప్పేటప్పుడు కూడా గొంతు ఎత్తలేదు. నేను ఎత్తాను. ఏమేం అన్నానో అన్నీ ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు. అంతా విని ఆయన, "గౌస్ గారంటే నాకూ గౌరవమేనండి. ఫ్లెక్సులు కట్టడానికి మనిషి కావాలి. నిచ్చెన ఆయనకి అలవాటే కదా. రమ్మని కబురు పెట్టాను" అన్నాడు. ఆ కాగితం నకలు ఒకటి అడిగి తీసుకుని, టీ ముట్టకుండా దిగి వచ్చాను.

గౌస్ భాయ్ ఆ పనికి ఒప్పుకున్నాడు.

ఆ సంగతి షరీఫా చెప్పింది. వెళ్లి ఆయన్ను నిలదీశాను. "నీ రాతను ఎత్తుకపోయినోడి కింద కూలికి పోతవా భాయ్? నీకు ఏమనిపిస్తలేదా?"

"అనిపిస్తది" అన్నాడు. "పొయ్యి గూడ వెలగాలె గదా." అంతే. నన్ను తిట్టలేదు. నువ్వు రాయమంటేనే రాశానని అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. అనలేదని ఆయన మీద కూడా కోపం తెచ్చుకుని, పదిహేను రోజులు ఆ గల్లీ మొహం చూడలేదు. అంత అన్యాయపు కోపం నా జన్మలో ఎప్పుడూ రాలేదు.

ఆ పదిహేను రోజులూ ఆ నాలుగు పేజీలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మా పిల్లలకు చెప్పినట్టే, ప్రతి మాట కింద గీత గీసి చదివాను. మా ఆయన చూసి, "సంతకం పెట్టినంక చదువుతున్నవా?" అన్నాడు. అవ్ అన్నాను. అందులో తప్పించుకునే దారి ఏదీ కనిపించలేదు. శిక్షణ మొదలైన తేదీ, ముగిసిన తేదీ మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున భద్రాచలం నెట్ సెంటర్‌లో కూర్చుని గౌస్ భాయ్ సైటు తెరిచాను. పేజీ లేదని వచ్చింది. నా సైటు ఉంది, రీఛార్జి దుకాణం ఆయనది ఉంది. గౌస్ ఆర్ట్స్ ఒక్కటే తీసేశారు. కేంద్రం మొదటి పేజీకి వెళ్లాను. అక్కడ నెత్తిన పెద్ద అక్షరాలతో, అవే తలకట్లతో, 'మన మన్యం అక్షరం' అని ఉంది. కింద ఫాంటు అమ్మకానికి ఉందని రాసి, పక్కన భాను సార్ ఫొటో, 'రూపకర్త' అని. దాని కింద నమూనాగా పెట్టిన అక్షరాల బొమ్మ మీద కుడి మూల ఒకచోట తెలుపు కాస్త వేరుగా కనిపించింది. అది గౌస్ భాయ్ రాసిచ్చిన కాగితమే. మూలనున్న సంతకాన్ని తెల్లరంగుతో చెరిపేశారు. ఎలా చెరపాలో ఆ సారే మాకు క్లాసులో నేర్పాడు.

బయటికి వచ్చేసరికి బస్టాండు దగ్గర గౌస్ భాయ్ నిచ్చెన మీద ఉన్నాడు. బొజ్జయ్య దుకాణం పక్కనే కొత్తగా తెరుస్తున్న చెప్పుల షాపుకు ఫ్లెక్సు కడుతున్నాడు. నోట్లో మేకులు, చేతిలో సుత్తి. తన అక్షరాలకు తనే మేకులు కొడుతున్నాడు. నిచ్చెన కింద నిలబడి, చూసిందంతా చెప్పాను. సైటు తీసేశారని చెప్పాను. ఫాంటు అమ్ముతున్నారని చెప్పాను. ఆయన మేకులు కొడుతూనే ఉన్నాడు. సంతకం చెరిపేశారని చెప్పినప్పుడు సుత్తి ఆగింది.

నోట్లో మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. "నా పేరు తుడిచిండా?"

"అవ్ భాయ్."

"బోర్డు ఆయనదనుకుంటి. మూల గూడ తీసుకున్నడా?"

నిచ్చెన దిగాడు. గల్లీలోకి వెళ్లి, చిన్న ఎర్ర రంగు డబ్బా, సన్న కుంచె తెచ్చాడు. మళ్లీ ఎక్కాడు. చెప్పుల షాపు ఫ్లెక్సు కింద, కుడి మూలన, ఊపిరి బిగబట్టి 'గౌస్' అని రాశాడు. ఆ చెయ్యి వణకలేదు. నిచ్చెన దించి బొజ్జయ్య దుకాణానికి వేశాడు. నేను పట్టుకున్నాను. అక్కడా రాశాడు. తర్వాత రుక్మిణి టైలర్స్. తర్వాత సైకిల్ షాపు. ఎందుకని అడిగిన వాళ్లకు, "నేను రాసిందే గదా, పేరు మర్చిన" అని చెప్పాడు. ఎవరూ కాదనలేదు. ఆ రాత ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ అడిగిన వాళ్లు లేరు, అంతే.

పన్నెండు బోర్డులు అయ్యేసరికి భాను సార్ బండి మీద వచ్చాడు. వెనక మిషన్ మీద పనిచేసే మనిషి రంగు కరిగించే థిన్నరు సీసా, గుడ్డ పట్టుకుని ఉన్నాడు.

"గౌస్ గారూ, ఇదేం పద్ధతండి? మీరు సంతకం పెట్టిన కాగితం నా దగ్గరుంది."

ఆయనకు జవాబు నేను చెప్పాను. ఆ నకలు సంచిలోనే ఉంది. "మొత్తం చదివిన సార్, ఈసారి నాలుగు పేజీలు. శిక్షణ కాలంల చేసింది మీది. శిక్షణ మే నెలల అయిపోయింది. గీ పేర్లు ఇయ్యాల రాసినయ్. గివి మీ కాగితంల లేవు."

మొదటిసారి ఆయన గొంతు లేచింది. "తుడిచెయ్" అని వెనక మనిషిని కసిరాడు. ఆ మనిషి బొజ్జయ్య బోర్డు దగ్గర స్టూలెక్కి, థిన్నరు గుడ్డ పెట్టి గట్టిగా రుద్దాడు. 'గౌస్' పోయింది. దానితో పాటు పక్కనున్న బొజ్జయ్య ఫోన్ నంబరులో నాలుగు అంకెలు, యూరియాలో సగం కూడా పోయాయి. ఫ్లెక్సు మీద అచ్చు థిన్నరుకు నిలవదు. ఆ సంగతి రంగుల్లో పుట్టి పెరిగిన గౌస్ భాయ్‌కి తెలుసు. మిషన్ కొనుక్కున్న భాను సార్‌కి తెలియదు.

బొజ్జయ్య దుకాణంలోంచి బయటికి వచ్చాడు. బోర్డు చూశాడు. గుడ్డ పట్టుకున్న వాణ్ని చూశాడు. "నా నంబరు తుడిచినోడు ఎవడు? ముందు గది చెప్పు" అని భాను సార్ చొక్కా దగ్గరికి వచ్చాడు. చుట్టుపక్కల దుకాణాల వాళ్లు ఒక్కొక్కరే అరుగులు దిగి, తమ బోర్డుల కింద వచ్చి నిలబడ్డారు. గుడ్డ పట్టుకున్న మనిషి తనంతట తానే స్టూలు దిగాడు.

భాను సార్ ఆ ఎరుపు మరకను చూస్తూ నిలబడ్డాడు. గౌస్ భాయ్ డబ్బా మూత బిగించి, కుంచె చెవి వెనక పెట్టుకుని ఆయన దగ్గరికి వచ్చాడు.

"నా పేరు పోవాలంటే అక్షరాలు గూడ పోవాలె సార్. మీ ఇష్టం" అన్నాడు.

బొజ్జయ్య గౌస్ భాయ్ వైపు తిరిగి, "నాకు ఇది ఒద్దు. రేకు మీద రంగుతోటి రాసియ్యి. నాలుగు రోజులు కాదు, పది రోజులు పట్టనియ్యి" అన్నాడు. గౌస్ భాయ్ తల ఊపి, చేత్తోనే ఆ గుమ్మం వెడల్పు కొలుచుకున్నాడు.

నేను నిచ్చెన ఎత్తి భుజాన పెట్టుకున్నాను. రాముడి గుడి రోడ్డులో ఇంకా పద్నాలుగు బోర్డులు ఉన్నాయి.